పేకకట్ట చెప్పే పోగు రహస్యం

పేకకట్ట ఒకటి తెచ్చి బల్లమీద పెట్టండి. ఆడటానికి కాదు లెండి! పైముక్క మీద అరచెయ్యి ఆన్చి మెల్లగా ముందుకు నెట్టండి. పైముక్క బాగా జరుగుతుంది. దాని కిందది కాస్త తక్కువ. అట్టడుగుది కదలనే కదలదు. ఇలా పొరమీద పొర జారడాన్నే శాస్త్రజ్ఞులు 'షియర్' అంటారు. గొట్టంలో నూనె పారేదీ ఇలాగే. గోడ పక్కన నెమ్మది, నడుమ జోరు.

మరి ఆ పారే ద్రవంలోని అణువులు గుండ్రటి బిళ్లల్లా ఉంటే? పొరలతోపాటు చదునుగా పడుకుంటాయా? బండిచక్రాల్లా నిలబడి దొర్లుతాయా? లేక పల్టీలు కొడుతూనే పోతాయా? పిల్లల పొడుపుకథలా ఉంది కదూ! కానీ ఉపగ్రహాల్లో వాడే కొన్ని కార్బన్ పోగుల గట్టిదనం ఈ జవాబుతోనే ముడిపడి ఉంది.

ముందు కథ కొంచెం తెలియాలి. 1888లో ప్రాగ్‌లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కొలెస్ట్రాల్ నుంచి వచ్చిన ఒక పదార్థాన్ని వేడిచేశాడు. 145.5 డిగ్రీల దగ్గర అది కరిగింది, కానీ మసగ్గా ఉంది. 178.5 డిగ్రీలకు గానీ తేటపడలేదు. ఆ మసకదశే ద్రవ స్ఫటికం. పారడంలో ద్రవం, అణువులు వరస తప్పకపోవడంలో స్ఫటికం. మన ఎల్‌సీడీ తెరల్లో ఉండేవి ఇవే. అయితే వాటి అణువులు సన్నటి కడ్డీల్లాంటివి.

కడ్డీలే కానక్కర్లేదు, బిళ్లలూ ఆ పని చేయగలవని 1977లో తేల్చింది మన పక్కనున్న బెంగళూరులోనే. రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎస్.చంద్రశేఖర్, బి.కె.సదాశివ, కె.ఎ.సురేశ్ కలిసి బెంజీన్ వలయం చుట్టూ ఆరు తోకలున్న అణువుల్ని పరీక్షించారు. అవి ఒకదానిమీద ఒకటి నాణేల దొంతరల్లా పేరుకుని కనిపించాయి. ఈ చంద్రశేఖర్ సర్ సి.వి.రామన్‌కు మేనల్లుడు.

బిళ్లల్లో అన్నీ దొంతరలు కట్టవు. కొన్ని విడివిడిగా తేలుతూనే, ముఖాలన్నీ ఒకవైపు తిప్పుకుని ఉంటాయి. తారులాంటి 'పిచ్'ను బాగా కాచినప్పుడు పుట్టే ద్రవ స్ఫటికం ఈ రకమే. కొన్ని రకాల కార్బన్ పోగులు తీసేది దీన్నుంచే.

ప్రవాహంలో వీటి నడతను లెక్కకట్టే సూత్రాలకు 1960లలో ఎరిక్సన్, లెస్లీ పునాది వేశారు. అందులో కీలకం లాంబ్డా అనే ఒక సంఖ్య. కడ్డీలకు అది ధనం, బిళ్లలకు రుణం. గుర్తు పక్కన పెడితే, విలువ 1 దాటినప్పుడు అణువులు ఒక భంగిమలో కుదురుకుంటాయి. కడ్డీలైతే ప్రవాహం వెంట సాగిలపడతాయి. బిళ్లలైతే మన పేకముక్కల్లా ఇంచుమించు చదునుగా పరుచుకుంటాయి. విలువ 1కి తగ్గిందా, ఇక కుదురుండదు. పల్టీలే పల్టీలు!

ఇప్పుడు జంతికల గొట్టం గుర్తుచేసుకోండి. పిండిని నొక్కితే బిళ్ల కన్నాల్లోంచి తీగలు దిగుతాయి. కార్బన్ పోగు తీసేదీ ఇంచుమించు అలాగే. కరిగిన పిచ్‌ను సన్నటి కన్నాల్లోంచి నొక్కి, కిందనుంచి లాగుతారు. అణువులన్నీ పోగు పొడవునా సర్దుకుంటాయి. అంతవరకూ మంచిదే.

చిక్కు అడ్డుకోతలో ఉంది. పోగును అడ్డంగా కోసి చూస్తే ఒక్కోసారి అణువుల పొరలు ఉల్లిపాయ పొరల్లా చుట్టుకుని ఉంటాయి. ఒక్కోసారి బండిచక్రం ఆకుల్లా నడుమనుంచి అంచుకు పరుచుకుంటాయి. ఈ రెండోరకం పోగు కాల్చేటప్పుడు నిలువునా చీలే ప్రమాదం ఉంది. అప్పుడు దాని అడ్డుకోత ఒక ముక్క కోసేసిన కేకులా కనిపిస్తుంది. కొన్ని పిచ్ పోగులు వేడిని రాగికంటే బాగా మోయగలవు. అంత గొప్ప పోగు చీలిపోతే ఏం లాభం?

అణువులు ఎటు తిరుగుతాయన్నది షియర్ ఒక్కటే తేల్చదు. కిందనుంచి లాగే బలం, పక్క అణువులతో వరస చెడనివ్వని పట్టుదల కూడా అందులో చెయ్యి చేసుకుంటాయి. పోనీ చూద్దామంటే, మూడొందల డిగ్రీలు దాటిన వేడిలో, అర మిల్లీమీటరు కూడా లేని కన్నంలోకి తొంగిచూసేదెలా? అందుకే కంప్యూటర్‌లో నమూనా కట్టి చూస్తారు. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెజాండ్రో రే 1990ల నుంచి ఇలాంటి నమూనాల మీద పనిచేశారు. కన్నంలోకి వెళ్లేముందు పిచ్‌ను కలియబెడితే పొరల తీరు మారుతుందని ప్రయోగాలూ చూపించాయి. అంటే చీలికకు మందు కొలిమిలో కాదు, అంతకు ముందున్న ప్రవాహంలో ఉందన్నమాట.

ఈసారి ఇంట్లో జంతిక విరిచినప్పుడు, నోట్లో వేసుకునే ముందు దాని అడ్డుకోత ఒక్కసారి చూడండి. పిండి ఎలా పారిందో గుర్తు పెట్టుకునే ఉంటుంది.