బూస్టర్ మీద తీర్పు అందరికీ ఒకటే కాదు

కోవిడ్ టీకా తీసుకున్న కొన్ని నెలలకే ఒంట్లో యాంటీబాడీలు తగ్గుముఖం పడతాయి. వైరస్ సోకకుండా అడ్డుకునే శక్తి ముందు సన్నగిల్లుతుంది. జబ్బు ముదరకుండా కాపాడే శక్తి ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. ‘బూస్టర్ వేయించుకున్నవాళ్లకూ కోవిడ్ వచ్చింది, కనుక అది దండగ’ అన్న గత సంచికలోని లేఖ ఈ రెండింటినీ కలగలిపేసింది. అది నమ్మి షుగరో కిడ్నీ జబ్బో ఉన్న పెద్దలు వెనకాడితే నష్టం చిన్నది కాదు.

భారతదేశంలో ముందుజాగ్రత్త డోసు పేరుతో బూస్టర్ 2022 జనవరి 10న మొదలైంది. మొదట వైద్య సిబ్బందికి, ఫ్రంట్‌లైన్ ఉద్యోగులకు, దీర్ఘకాలిక జబ్బులున్న 60 ఏళ్లు పైబడినవారికి ఇచ్చారు. జులై 15 నుంచి 75 రోజులు పెద్దలందరికీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా వేశారు. ముందు కోవిషీల్డ్, కోవాగ్జిన్ వేయించుకున్నవారికి హైదరాబాద్‌లో తయారైన కార్బెవాక్స్ కూడా అనుమతించారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిని ఎత్తేసింది, వైరస్ మాత్రం పోలేదు. అదే ఏడాది మార్చిలో ఆ సంస్థ నిపుణులు వృద్ధులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి, గర్భిణులకు, వైద్య సిబ్బందికి అదనపు బూస్టర్ సూచించారు. ఆరోగ్యంగా ఉన్న 60 లోపు పెద్దలకు మొదటి బూస్టర్ తర్వాత మళ్లీ మళ్లీ వేయించుకోమని చెప్పలేదు. ఆ మేరకు లేఖ రాసినవారి సందేహం సబబే.

భుజం నొప్పి, ఒకట్రెండు రోజుల జ్వరం మామూలే. తీవ్రమైన ఎలర్జీ అరుదు. సూది వేశాక అరగంట కేంద్రంలోనే కూర్చోబెట్టేది అందుకే. గత డోసుకు అలాంటి ఎలర్జీ వచ్చినవారు డాక్టరుకు ముందే చెప్పాలి.