పిలకాయలకు కారు హారన్ నొక్కడం నేర్పండి



ఎండలు ముదిరితే మీ పత్రికలో వడదెబ్బ జాగ్రత్తలు వేస్తారు. మజ్జిగ తాగమంటారు, మిట్టమధ్యాహ్నం బయట తిరగొద్దంటారు. ఆ పక్కనే ఇంకో రెండు ముక్కలు చేర్చమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంటి ముందు నిలిపిన కారుకు తాళం వెయ్యండి. కారులో చిక్కుకుంటే హారన్ మోగించమని పిలకాయలకు నేర్పండి.

2025 ఏప్రిల్ 14న రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో నాలుగైదేళ్ల ఆడపిల్లలు ఇద్దరు నిలిపి ఉన్న కారులో ఊపిరాడక చనిపోయారు. నెల తిరగగానే మే 18న విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు అలాగే పోయారు. అంతకు ముందు 2020 ఆగస్టులో కృష్ణా జిల్లా బాపులపాడు మండలం రేమల్లెలో ముగ్గురు ఆడపిల్లలు. మూడు ఊళ్లలో తొమ్మిది మంది. వాళ్లంతా ఆడుకుంటూ కారెక్కినవాళ్లే. ఎవరూ తాగి నడపలేదు, ఎవరూ వేగంగా పోలేదు, అసలు ఆ కార్లు కదలనే లేదు. అందుకే ఇలాంటి చావుల్ని మనం రోడ్డు ప్రమాదాల్లో లెక్కవెయ్యం. విధి రాత అనుకుని ఊరుకుంటాం. రాత కాదది. ఆ డోర్లు ఎలా పనిచేస్తాయో ఆ పిల్లలకు చెప్పినవాళ్లు లేకపోవడం.

మా జలదంకి వైపు ఇప్పుడు కారు వింత వస్తువు కాదు. పొగాకు అమ్మినవాళ్లూ, హైదరాబాదులోనో బెంగుళూరులోనో పిల్లలు ఉద్యోగాల్లో కుదిరినవాళ్లూ కార్లు కొన్నారు. సంక్రాంతికీ తిరునాళ్లకూ వచ్చే బంధువుల కార్లతో వీధులు నిండిపోతాయి. సామాను దించాక కారు అలాగే తెరిచి ఉంటుంది. తాళంచెవి వసారాలో మేకుకు వేలాడుతుంటుంది, లేకపోతే మంచం మీద పడి ఉంటుంది. పెద్దలు భోజనాలు చేసి కునుకు తీసే వేళకు పిలకాయలకు ఆ కారే ఆటస్థలం. ఒకడు డ్రైవరు, మిగతావాళ్లు ప్యాసింజర్లు. మే నెలలో మా పడమటి నెల్లూరు మండలాల ఎండ ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అద్దాలు మూసిన కారులో పది నిమిషాలకే వేడి మరో పది డిగ్రీలు పైకి పోతుంది. అద్దం ఒక అంగుళం దించినంత మాత్రాన పెద్దగా తగ్గదు. పసిపిల్లల ఒళ్లు పెద్దల ఒంటికన్నా మూడు నుంచి అయిదు రెట్లు తొందరగా వేడెక్కుతుందని వైద్యులు చెబుతారు. వాళ్లు అరిచినా ఇంట్లోకి వినపడదు. బయటి చప్పుడు లోపలికి రాకుండా బిగించిన కార్లు కదా ఇవి.

ఇక డోర్ల సంగతి. కారు వెనక డోరు తెరిచి దాని అంచు చూడండి. గొళ్లెం కింద చిన్న మీట ఉంటుంది. దాన్ని చైల్డ్ లాక్ అంటారు. నడిచే బండిలో పిల్లలు డోరు తీయకుండా పెట్టిన ఏర్పాటు అది, మంచిదే. కానీ ఆ మీట వేసి ఉంటే కారుకు తాళం లేకపోయినా వెనక సీట్లో ఉన్నవాళ్లు లోపలి హ్యాండిల్‌తో డోరు తీయలేరు. బయటి నుంచి తెరుచుకుని ఎక్కిన పిల్లలు, తలుపు మూసుకున్నాక లోపలి నుంచి ఎంత లాగినా రాదు. అది చాలదన్నట్టు, రిమోట్‌తో తాళం తీసి కాసేపు ఏ డోరూ తెరవకపోతే తనంతట తనే మళ్లీ తాళం పడే కార్లు చాలా ఉన్నాయి. జేబులో ఉన్న రిమోట్ ఒత్తుకుని తాళం పడడమూ మామూలే.

బయటపడే దారి మాత్రం అందులోనే ఉంది. ముందు డోర్లకు చైల్డ్ లాక్ ఉండదు. వెనక ఉన్నవాళ్లు సీట్ల మధ్యనుంచి ముందుకు దూరి అక్కడి డోరు హ్యాండిల్ లాగాలి. చాలా కార్లలో ఒకసారి లాగితే తాళం ఊడుతుంది, రెండోసారి లాగితే డోరు తెరుచుకుంటుంది. కరెంటు పోయినా సెంట్రల్ లాకింగును చేత్తో తీసుకునే వీలు ఉండాలని 2019 జూలై నుంచి మన దేశంలో నిబంధన ఉంది. డోరు రాకపోతే హారన్. ఇంజను ఆగి ఉన్నా, తాళంచెవి లేకపోయినా చాలా కార్లలో హారన్ మోగుతుంది. మీ కారులో మోగుతుందో లేదో ఇవాళే నొక్కి చూసుకోండి. దానితోపాటు ఎర్ర త్రికోణం బొమ్మ ఉన్న బటన్ నొక్కితే నాలుగు మూలలా లైట్లు కొట్టుకుంటాయి, దారిన పోయేవాళ్లు తిరిగి చూస్తారు. ఇందులో ఆరేళ్ల పిల్లకు అర్థం కానిది ఏముంది?

నేను ఈ మాట అంటే ఎదురయ్యే జవాబు ఒకటుంది: మన ఊళ్లో దొంగలెవరూ లేరు, తాళం దేనికి అని. దొంగల కోసం కాదు, పక్కింటి పిల్లవాడి కోసం. మీ ఇంట్లో పిల్లలు లేకపోవచ్చు, వీధిలో ఉంటారు. అమెరికాలో 1998 నుంచి ఇలాంటి చావుల లెక్క రాస్తున్నారు. ఏటా సగటున 37 మంది పిల్లలు వేడెక్కిన కార్లలో చనిపోతున్నారు. అందులో ఇంచుమించు నాలుగోవంతు పిల్లలు పెద్దలకు తెలియకుండా తమంతట తామే కారెక్కినవాళ్లు. కొందరు పిల్లలు డిక్కీలో దూరి చనిపోయాక, 2002 మోడల్ కార్ల నుంచి డిక్కీ లోపల చీకట్లో మెరిసే మీట ఒకటి పెట్టి తీరాలని అక్కడ చట్టం చేశారు. పిల్లవాడు చిక్కుకుంటే తనే లాగి బయటపడాలని. మన దగ్గర అట్లాంటి చట్టం వచ్చేదాకా ఆ పని మనమే నోటితో చెప్పి చెయ్యాలి.

అద్దాలకు నల్ల ఫిలిం అతికించేవాళ్లకూ ఒక మాట. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని వద్దంది. ముందూ వెనకా అద్దాల్లోంచి నూటికి 70 వంతులు, పక్క అద్దాల్లోంచి 50 వంతులు వెలుతురు పోవాలన్నది నిబంధన. దాన్ని అందరూ పోలీసుల గొడవగానే చూస్తారు. లోపల పిల్లవాడు చిక్కుకుంటే నల్ల అద్దంలోంచి ఎవరికి కనపడతాడు? తెరలు కట్టినా అంతే. ఎండ ఆగుతుందని కట్టుకున్నా, బండి నిలిపి దిగేటప్పుడు వాటిని పక్కకు లాగేసి వెళ్లండి.

నడిచే కారులోనూ సుఖం పేరుతో చేసే పొరపాట్లు రెండు ఉన్నాయి. శనివారం మాలకొండ గుడికి పోయే కార్లను చూడండి, ఆత్మకూరు వైపు ఏఎస్‌పేట దర్గాకు పోయే కార్లను చూడండి. ముందు సీట్లో తల్లి ఒళ్లో బిడ్డ. ఏసీ గాలి తగులుతుందనీ, బయటికి చూస్తాడనీ. 2022 జనవరి నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకూ ముందు రెండు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి. అవి రెప్పపాటుకన్నా ముందే విచ్చుకుంటాయి. పెద్దవాళ్ల ఛాతీని కాపాడాల్సిన ఆ దెబ్బ ఒళ్లో ఉన్న బిడ్డ తలకు తగులుతుంది. బిడ్డ చోటు వెనక సీటే, వయసుకు తగ్గ సీటులో. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా 2019 సవరణ చట్టంలోనే ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు మూత ఉన్నచోట దేవుడి బొమ్మ అతికించినా ప్రమాదమే, అది విచ్చుకుంటే ఆ బొమ్మ మొహానికి వచ్చి కొడుతుంది. దేవుణ్ణి కొంచెం పక్కకు జరిపి పెట్టుకోవచ్చు.

రెండోది, సీటు వెనక్కి వాల్చి పడుకోవడం. వాల్చిన సీట్లో బెల్టు భుజాన్ని వదిలేస్తుంది, బ్రేకు పడితే మనిషి దాని కిందనుంచి ముందుకు జారిపోతాడు. బెల్టు విషయం మా వైపు వాళ్లకు కొత్తగా చెప్పాలా? 2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ గారు మా పక్కనున్న కావలిలో పెళ్లికని బయలుదేరి, తానే కారు నడుపుతూ నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర జరిగిన ప్రమాదంలో పోయారు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులే చెప్పారు. అయినా బెల్టు పెట్టుకోకుండా అలారం నోరు మూయించే క్లిప్పులు ఆన్‌లైన్‌లో వేలకొద్దీ అమ్మారు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అయిదు కంపెనీల మీద ఆదేశాలిచ్చి 13,118 ప్రకటనలు తీయించింది. అంతమంది కొన్నారంటే ఆ కూత ఎందుకో వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పలేదనే నేననుకుంటాను.

చెప్పాల్సిన చోటు షోరూం. కారు ఇచ్చే రోజు పూలదండ వేస్తారు, కేకు కోయిస్తారు, ఫొటో తీస్తారు. నిమ్మకాయలు తొక్కించి బయటికి పంపిస్తారు. పాటలు ఎట్లా పెట్టాలో, ఫోను ఎట్లా కలపాలో చూపిస్తారు. చైల్డ్ లాక్ ఎక్కడుందో, తల ఆనించే దిండు చెవుల ఎత్తుకు ఎలా జరపాలో, విప్పిన చెప్పులూ నీళ్ల సీసా బ్రేకు కిందికి దొర్లకుండా ఎక్కడ పెట్టాలో చూపించడానికి మరో అరగంట పట్టదు. కారుతో ఇచ్చే లావుపాటి పుస్తకంలో ఇవన్నీ ఉంటాయి గానీ, అది తెలుగులో దొరకడం అరుదు. లక్షలు పోసి కొన్నవాడు తెలుగు పుస్తకం అడగడం తప్పు కాదు. కొనేవాళ్లు అందరూ అడగాలి, అడిగితేనే వేస్తారు.

రెండో చోటు బడి. మా మండలంలో కారున్న మాస్టార్లు చాలామంది ఉన్నారు. ఏప్రిల్‌లో వేసవి సెలవులు ఇచ్చేలోపు ఒకపూట కారును బడి ఆవరణలో నీడన నిలిపి, డోర్లు తెరిచి ఉంచి, ఒకటో తరగతి నుంచి అయిదు దాకా ఒక్కొక్క పిల్లనూ ఎక్కించి ముందు డోరు తీయించి, హారన్ నొక్కించమని కోరుతున్నాను. చిన్న చేతులకు హారన్ బిగువుగా ఉంటుంది, రెండు చేతులతో ఒత్తమని చెప్పాలి. ఏ హెడ్మాస్టరు గారు సరేనన్నా కారు తెచ్చి నిలబెట్టే బాధ్యత నాది.

ఇట్లు,
మీ పాఠకుడు,
జలదంకి, నెల్లూరు జిల్లా