వర్తకమున క్రొత్తదన మన నేమి?



“అప్పడములు అందరును చేయుదురు, ఇందు క్రొత్తదన మేమున్నది?” ఇంటిపట్టున నాలుగు రూకలు గడింపబూనిన స్త్రీకి తఱచుగా నెదురగు ప్రశ్న యిది. ఈ మాట విని పూనిన పని మానుకొనువారు పెక్కండ్రు. కావున వర్తకమున నూతనత్వమును గూర్చి లోకమున గల మూడు భ్రమలను ఈ మాసమున విచారింతము. మన విశాఖపట్టణపు ఓడరేవే యిందులకు సాక్షి.

మునుపెన్నడును లేని వస్తువే క్రొత్తది యనుట మొదటి భ్రమ. రేవు కట్టునప్పుడు కెరటముల తాకిడి నాపుటకు ప్రవేశమార్గము చెంత నొక అడ్డుకట్ట కావలసివచ్చెను. రెండు పాత ఓడలను అచట ముంచి, వాని నాధారముగా గొని కట్ట నిర్మించిరి. ఓడలు పాతవే, వాని వినియోగము క్రొత్తది.

మంచి యూహ తట్టినచో లాభము దానంతట వచ్చు ననుట రెండవ భ్రమ. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ యను ఓడ ఈ రేవున ప్రవేశించెను. కాని మధ్యపరగణాల మాంగనీసు ఖనిజము ఇచటికి చేరకున్న రేవేమి చేయును? రాయపూరునుండి పార్వతీపురము మీదుగా విజయనగరమునకు వచ్చు రైలుమార్గము 1931లో పూర్తియై యుండెను. సరకును, త్రోవయు, రేవును కలిసిననే వర్తకము. పచ్చడి యెంత రుచియైనను, కొనువారి యిల్లు చేరు త్రోవ లేనిచో జాడీలోనే మ్రగ్గును.

ఒకసారి సాధించినచో పని ముగిసె ననుట మూడవ భ్రమ. మన తీరము వెంబడి ఇసుక నైరుతినుండి ఈశాన్యమునకు కొట్టుకొని పోవుచుండును. దాని నడ్డగించినచో ఉత్తరపు టొడ్డు కోతపడును. విడిచినచో ఓడల దారి పూడును. అందుచే ఇసుకను త్రవ్వితీసి ఉత్తరపు టొడ్డున పోయవలసి యున్నది. వాకిలి యూడ్చుటవలె నిది తీరని పని.

కావున, అమ్మలారా, అప్పడమును కనిపెట్టినవారు మీరు కానక్కఱలేదు. విఱుగకుండ కట్టియిచ్చుట, వృద్ధులకై ఉప్పు తగ్గించి చేయుట, చెప్పిన దినమున కందించుట—ఇవియును నూతనత్వమే. మొదట కొలదిగా చేయుడు. ఏ వీధిలో ఎన్ని చెల్లినవో, ఏవి తిరిగి వచ్చినవో వ్రాసికొనుడు. మఱునెల లోపమును దిద్దుకొనుడు. బిడ్డ చదువు ఆ యాదాయముపై నిలిచియున్న యింట, పరుల యొక్క ప్రశ్నకు వెఱచి చేతిపని విడుచుట తగదు.