ఇంటిపేరులో షష్ఠి

కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు పరిసరాల్లో ఏదో ఒక బడి హాజరుపట్టీ తిరగేస్తుంటే గుడ్లవల్లేటి, పామర్తి, వేటూరి వారి పిల్లల నడుమ పేరు చివర బేగం ఉన్న అమ్మాయి కూడా కనిపించవచ్చు. మాస్టారు వరసగా పిలుచుకుంటూ పోతారు. ఆ నాలుగు పేర్లలో రెండు భాషల వ్యాకరణం పలికిందని ఎవరికీ తట్టదు.

మన సంగతి ముందు. ఏరు ఏటి అయినట్టే గుడ్లవల్లేరు గుడ్లవల్లేటి, పామర్రు పామర్తి, వేటూరు వేటూరి అయ్యాయి. బాలవ్యాకరణంలో (1858) చిన్నయసూరి ఔపవిభక్తికాలన్న ఇ, టి, తి మూడూ ఈ ఒక్క పట్టీలోనే దొరికాయి. షష్ఠీ విభక్తి అర్థాన్ని ఇవే ఇస్తున్నా, షష్ఠి అనగానే పిల్లల చేత 'యొక్క' వల్లె వేయిస్తాం. 'ఏరు యొక్క నీళ్ళు' అన్న మనిషి నాకింతవరకు తారసపడలేదు. అందరూ ఏటినీళ్ళే అంటారు. ఆ 'టి' ఊసు మాత్రం బళ్ళో ఎత్తం.

ఇక బేగం. ఇది తుర్కీ మాట. బేగ్ అంటే దొర, చివరి మకారానికి అర్థం 'నా'. తుర్కీలో 'నా' నామం వెనక అంటుకుంటుంది, దాని వెనక విభక్తి. ఎవ్ ఇల్లు, ఎవిమ్ నా ఇల్లు, ఎవిమ్‌దే నా ఇంట్లో. ఎవిమిజ్ అంటే మా ఇల్లూ అవుతుంది, మన ఇల్లూ అవుతుంది. అద్దెకున్నవాడితో 'మన ఇల్లు' అనాలా 'మా ఇల్లు' అనాలా అని తటపటాయించే తెలుగువాడి బాధ వాళ్ళకు లేదు.

కులీ కూడా ఈ కోవదే. కుల్ అంటే దాసుడు, చివరి ఈకారం 'అతని'. ముహమ్మద్ కులీ అంటే ముహమ్మద్ దాసుడు, మన రామదాసు లాగ. గోల్కొండ కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ 'నల్లగొర్రెల' వారనే తుర్క్‌మాన్ల వంశస్థుడు. మన మచిలీపట్నం ఆ గోల్కొండకు రేవుగా ఉండేది.

తెలుగులోనూ తుర్కీలోనూ ఇలా ప్రత్యయాలు ఒకదాని వెనకొకటి పేర్చుకునే తీరు కూడా చూసి, 1856లో భాషావేత్త కాల్డ్‌వెల్ ద్రావిడ భాషలకు, తుర్కీని కూడా చేర్చిన 'సిథియన్' భాషలతో చుట్టరికం కలపబోయాడు. ఆ సంబంధం నిలవలేదు.

సాయంత్రం బడి వదిలాక ఒక తల్లి వాకిట్లో నిలబడి 'మా బేగం ఇంకా రాలేదు' అంటుంది. ఆ మాటలో ముందున్న 'మా' తెలుగుది, వెనకున్న 'మ్' తుర్కీది.