హాన్లే చీకటిని కాపాడుకోగలమా?

2023 జనవరిలో ఖగోళ శాస్త్రవేత్తలను ఆశ్చర్యపరిచిన ఆవిష్కరణ ఏ పెద్ద అబ్జర్వేటరీ నుంచీ రాలేదు. ఆండ్రోమెడా గెలాక్సీ పక్కనే, వందేళ్లకు పైగా ప్రపంచమంతా ఫొటోలు తీస్తున్న చోటే, ఆక్సిజన్ వాయువు చాపంలా పరచుకుని ఉందని కొందరు ఔత్సాహికులు బయటపెట్టారు. మార్సెల్ డ్రెక్స్‌లర్, జేవియర్ స్ట్రాట్నర్, యాన్ సాంటీ వారిలో ముఖ్యులు. సాంటీ వాడింది 106 మిల్లీమీటర్ల టెలిస్కోప్. అంటే నాలుగంగుళాల పైచిలుకు కటకం. అదే ఏడాది గ్రీనిచ్ రాయల్ అబ్జర్వేటరీ పోటీలో ఆ ఫొటోకే అగ్ర బహుమతి వచ్చింది.

ఇంత చిన్న పరికరానికి ఎలా దొరికింది? ఓపిక వల్ల. వంద గంటలకు పైగా వెలుగును పోగేశారు. ఆక్సిజన్ వెలువరించే 500.7 నానోమీటర్ల కాంతిని మాత్రమే రానిచ్చే ఫిల్టర్ పెట్టారు. పెద్ద టెలిస్కోపులు ఆకాశంలో చిన్న ముక్కనే చూస్తాయి కాబట్టి, ఇంత విశాలంగా పరచుకున్న మసక వెలుగు వాటి చూపు నుంచి జారిపోయింది.

మసక నీహారికను ఫొటో తీయడమంటే ఒక్క క్లిక్ కాదు. నిమిషాల నిడివి గల ఎక్స్‌పోజర్లు వందల సంఖ్యలో తీసి, కంప్యూటర్లో ఒకదానిపై ఒకటి పేర్చాలి. నీహారిక వెలుగు ప్రతి ఫ్రేములోనూ అదే చోట ఉంటుంది. కెమెరా గరగర మాత్రం ఫ్రేము ఫ్రేముకీ మారుతుంది, సగటు తీస్తే తగ్గుతుంది. తగ్గడం వర్గమూలం లెక్కన. నాలుగు రెట్లు ఫ్రేములు తీస్తే చిత్రం రెండు రెట్లే శుభ్రపడుతుంది. ఉపగ్రహాలు గీసిన గీతల్ని కూడా ఈ దశలోనే చాలావరకు తీసేస్తారు.

ఇక్కడే మన వీధి దీపాలు లెక్కలోకి వస్తాయి. నగరం మీది ఆకాశం హాన్లే ఆకాశం కంటే నాలుగు మాగ్నిట్యూడ్లు ప్రకాశంగా ఉందనుకుందాం. అంటే దాదాపు 40 రెట్లు. హాన్లేలో ఒక గంటలో వచ్చే ఫలితం కోసం నగరంలో 40 గంటలు కూర్చోవాలి. ఫిల్టర్లు కొంత ఆదుకుంటాయి, నిజమే. పాత సోడియం దీపాల వెలుగు ఎక్కువగా పసుపు చుట్టూనే ఉండేది, దాన్ని వడకట్టడం తేలిక. తెల్ల ఎల్ఈడీ అలా కాదు. నీలం నుంచి ఎరుపు దాకా పరచుకుంటుంది, ఆక్సిజన్ గీత ఉన్న చోటుతో సహా.

కేంద్రం 2015లో మొదలుపెట్టిన వీధి దీపాల పథకం కింద దేశంలో కోటికి పైగా ఎల్ఈడీలు వచ్చాయి. హుద్‌హుద్ తర్వాత విశాఖ ముందు వరుసలో నిలిచింది. విద్యుత్తు ఆదా అయింది, దాన్ని తప్పుపట్టలేం. కానీ దీపానికి పైన మూత ఉండాలని, రంగు వెచ్చగా ఉండాలని, అర్ధరాత్రి దాటాక వెలుగు తగ్గించాలని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఫ్రాన్స్ 2018లోనే ఇలాంటి నిబంధనలు తెచ్చింది. మనకు జాతీయ స్థాయిలో ప్రత్యేక చట్టమే లేదు. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, రాత్రి ఆకాశం ఏటా సగటున 9.6 శాతం చొప్పున ప్రకాశవంతమవుతోంది. ప్రధానంగా యూరప్, ఉత్తర అమెరికా పరిశీలకుల లెక్క అది. మన నగరాలు పెరుగుతున్న తీరు చూస్తే ఇక్కడ అంతకంటే తక్కువ ఉంటుందని నాకు నమ్మకం లేదు.

మిగిలిన గొప్ప చీకటి లదాఖ్‌లో ఉంది. సుమారు 4,500 మీటర్ల ఎత్తున హాన్లేలో భారత ఖగోళ భౌతిక సంస్థ అబ్జర్వేటరీ నడుపుతోంది. దాని చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్లను 2022 డిసెంబరులో డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. ఊళ్లలో కిటికీలకు దట్టమైన తెరలు, వీధి దీపాలకు మూతలు. స్థానికులకు టెలిస్కోపులిచ్చి శిక్షణనిచ్చారు, వారు పర్యాటకులకు ఆకాశం చూపించి సంపాదించుకుంటున్నారు. చిక్కు కూడా అందులోనే ఉంది. పర్యాటకులు వస్తేనే ఊరికి చీకటి మీద మమకారం. మరీ ఎక్కువ వస్తే హెడ్‌లైట్లు, కొత్త గదులు, వాటి దీపాలు. సరిహద్దు రోడ్లూ, సైన్యం అవసరాలూ సరేసరి. రిజర్వ్ అన్న పేరు ఒక్కటే వీటిని ఆపలేదు. రాత్రి వాహనాలపైనా, గదుల సంఖ్యపైనా ఇప్పుడే పరిమితి పెట్టాలి. కట్టేశాక కూల్చమనలేం.

హాన్లే దాకా అందరూ వెళ్లలేరు కూడా. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యం 2024లో దేశంలో తొలి డార్క్ స్కై పార్కుగా గుర్తింపు పొందింది. మన నల్లమల ఎందుకు కాకూడదు? అమ్రాబాద్ అడవి గుండా శ్రీశైలం వెళ్లే దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను ఎలాగూ ఆపుతున్నారు. పులి కోసం పెట్టిన నియమమది. అది ఆకాశానికీ పనికొస్తుంది. ఇక చేయాల్సింది అంచు గ్రామాలు, చెక్‌పోస్టులు, కాటేజీల దీపాలను సర్దడమే.

కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ వచ్చేసిందిగా, చీకటి ఎందుకంటారు కొందరు. సాఫ్ట్‌వేర్ గరగరను తుడుస్తుంది, చిత్రానికి పదును పెడుతుంది. అందని వెలుగును మాత్రం తేలేదు. ఉన్నట్టు కనిపించే పోగుల్ని అల్లేయగలదు, అంతే. ఆండ్రోమెడా పక్కన చాపం కనిపించగానే ఆ బృందం ప్రకటన చేసేయలేదు. అది తమ పరికరం లోపమో, ప్రాసెసింగ్ చేసిన మాయో కాదని తేల్చుకోవడానికి వేరే చోట్ల, వేరే టెలిస్కోపులతో మళ్లీ తీయించింది. వాటిలోనూ చాపం అక్కడే ఉంది.