దుబాయ్ డెజర్ట్ సఫారీ: ఒక్క కారు.. ఆరుగురు.. ఒకటే వేగం! గ్రూప్ టికెట్ కొనే ముందు ఇవి చూసుకోవాల్సిందే

హైదరాబాద్‌లో విమానం ఎక్కితే దాదాపు నాలుగు గంటల్లో దుబాయ్. బుర్జ్ ఖలీఫా చూసేశాక తెలుగు కుటుంబాలు ఎక్కువగా అడిగేది ఒక్కటే.. ఎడారి ఎప్పుడు? అక్కడ ఉద్యోగం చేస్తున్న కొడుకో, కూతురో అమ్మానాన్నలను విజిట్ వీసాపై పిలిపించుకున్నా, కొత్త జంట హనీమూన్‌కు వెళ్లినా ఈవెనింగ్ డెజర్ట్ సఫారీ ఉండాల్సిందే. ఫోన్‌లో కనిపించే 30 సెకన్ల వీడియోలో ఎర్రటి ఇసుక, గాల్లోకి లేచే కారు, ఒంటె, నిప్పుల డ్యాన్స్ అన్నీ ఉంటాయి. ఆ కారులో వెనక సీట్లో కూర్చున్న 65 ఏళ్ల పెద్దాయన నడుము సంగతి మాత్రం ఉండదు.

2024లో దుబాయ్‌కి వచ్చి కనీసం ఒక రాత్రి బస చేసిన విదేశీ పర్యాటకులు 1.87 కోట్ల మంది. 2023లో ఈ సంఖ్య 1.71 కోట్లు. ఇంతమంది వస్తుంటే ఎడారి సాయంత్రం కూడా పెద్ద వ్యాపారమే అవుతుంది. పోటీ పెరిగింది. టికెట్ ధర తగ్గింది. అదే సమయంలో టికెట్‌లో ఏముంది, ఏం లేదు అన్న లెక్క తికమకగా మారింది. గ్రూప్ టికెట్ అంటే ఖర్చును మాత్రమే పంచుకోవడం కాదు. కారునీ, దాని వేగాన్నీ, టైమ్‌నీ తెలియని వాళ్లతో పంచుకోవడం. అసలు ఇబ్బందులు మొదలయ్యేది ఇక్కడే.

ఆ ఆరు గంటల్లో ఏం జరుగుతుంది?

మధ్యాహ్నం రెండున్నర, మూడున్నర మధ్యలో హోటల్ దగ్గరకు కారు వస్తుంది. చాలావరకు టొయోటా ల్యాండ్ క్రూయిజర్ లాంటి ఫోర్ వీల్ డ్రైవ్ బండి. డ్రైవర్ కాకుండా ఆరుగురు కూర్చుంటారు. ఒక కుటుంబంలో నలుగురే ఉంటే మిగతా రెండు సీట్లలో వేరే వాళ్లు ఎక్కుతారు. వాళ్లను ఎక్కించుకోవడానికి కారు ఇంకో రెండు హోటళ్లు తిరగొచ్చు. కాబట్టి మొదటి గంట ఎడారిలో కాదు, ట్రాఫిక్‌లోనే గడిచిపోయే అవకాశం ఎక్కువ.

హత్తా వైపు వెళ్లే దారిలోని లహ్‌బాబ్ ప్రాంతం ఎర్ర ఇసుక దిబ్బలకు ప్రసిద్ధి. ఇసుకలోని ఐరన్ ఆక్సైడ్ వల్లే ఆ రంగు. దిబ్బల దగ్గరకు రాగానే కార్లు ఆగుతాయి. డ్రైవర్ దిగి టైర్లలో గాలి తీసేస్తాడు. రోడ్డు మీద 35 పీఎస్‌ఐ వరకు ఉండే ప్రెషర్‌ను దాదాపు సగానికి తగ్గిస్తాడు. గాలి తగ్గితే టైర్ వెడల్పుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ ఇసుక మీద పడుతుంది, బండి కూరుకుపోదు. ఈ గ్యాప్‌లోనే క్వాడ్ బైక్ వాళ్లు, డేగను చేతి మీద పెట్టి ఫొటో తీసేవాళ్లు చుట్టుముడతారు. చాలా టికెట్లలో ఈ రెండూ ఉండవు. డబ్బు వేరే కట్టాలి.

తర్వాత డ్యూన్ బాషింగ్. అంటే దిబ్బల మీదకు ఎక్కి, పక్కకు జారి, కిందకు దూకించే డ్రైవింగ్. ఇది 20 నుంచి 45 నిమిషాలు. ఆ తర్వాత సూర్యాస్తమయం ఫొటోలు, ఆ వెంటనే క్యాంప్. అక్కడ కాఫీ, ఖర్జూరాలు, ఒంటె ఎక్కించి ఒక చిన్న రౌండ్, గోరింటాకు, శాండ్ బోర్డింగ్, బఫే భోజనం, డ్యాన్స్ షోలు. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకు మళ్లీ హోటల్.

అసలు రిస్క్ ఎక్కడ?

డ్యూన్ బాషింగ్ మామూలు కార్ రైడ్ కాదు. బండి దిబ్బ అంచు దాటి కిందకు పడేటప్పుడు ఆ కుదుపు నేరుగా వెన్నెముకకు తగులుతుంది. అందుకే గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, డిస్క్ సమస్య ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, చంటిపిల్లలు ఎక్కకూడదని నిర్వాహకులు నిబంధనల్లోనే రాస్తారు. కానీ ఆ లైన్ బుకింగ్ పేజీలో బాగా కింద, చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాట్సాప్‌లో ఏజెంట్ పంపే పోస్టర్‌లో అదీ ఉండదు.

గ్రూప్ కారులో ఇంకో సమస్య ఉంది. ముందు సీట్లో కూర్చున్న కుర్రాళ్లు "భయ్యా, ఇంకా ఫాస్ట్" అంటారు. వెనక కూర్చున్న పెద్దావిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది. తన వల్ల అందరి సరదా పాడవుతుందని నోరు తెరవదు. డ్రైవర్‌కు అద్దంలో కనిపించేది నవ్వుతున్న మొహాలే. ఆపమని చెప్పే హక్కు ఆరుగురిలో ఎవరికైనా ఉంటుంది. చెబితే డ్రైవర్ వేగం తగ్గించాల్సిందే. కానీ మొహమాటం అడ్డొస్తుంది. ఎక్కే ముందే డ్రైవర్‌తో "పెద్దవాళ్లున్నారు, నెమ్మదిగా" అని ఒక మాట చెప్పడం సగం సమస్యను తీరుస్తుంది.

ఎవరు ఏ సీట్లో కూర్చున్నారన్నదీ ముఖ్యమే. మూడో వరుస వెనక ఇరుసుకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి కుదుపు అక్కడే ఎక్కువ. చివరగా ఎక్కినవాళ్లకు, మొహమాటపడే పెద్దవాళ్లకు సాధారణంగా మిగిలేది ఆ సీటే. వాంతులు వచ్చేవాళ్లు, పెద్దవాళ్లు ముందు సీట్లో గానీ మధ్య వరుసలో గానీ కూర్చోవాలి. మధ్యాహ్నం బిర్యానీ దట్టించి ఎక్కితే ఇబ్బంది ఖాయం. తేలికగా తిని, కనీసం రెండు గంటల గ్యాప్ ఇస్తే మేలు. సీట్ బెల్ట్ లేని సీటు అయితే ఆ కారు ఎక్కకపోవడమే మంచిది.

అసలు డ్యూన్ బాషింగ్ వద్దు అనుకునేవాళ్లకు దారి లేదా? ఉంది. చాలా సంస్థలు నేరుగా క్యాంప్‌కు తీసుకెళ్లే ట్రాన్స్‌ఫర్ ఇస్తాయి. సూర్యాస్తమయం, ఒంటె, భోజనం, షో అన్నీ దక్కుతాయి. కాకపోతే ఈ సంగతి బుకింగ్ టైమ్‌లోనే చెప్పాలి. దిబ్బల మధ్యకు వెళ్లాక అడిగితే ఇంకో కారు దొరకదు.

టికెట్ తక్కువ.. బిల్లు ఎక్కువ ఎందుకు?

ఒకే సాయంత్రానికి ఒక చోట 100 దిర్హమ్‌ల లోపే టికెట్ కనిపిస్తుంది. మరో చోట 300 దాటుతుంది. రెండింటి ఫొటోలూ ఒకేలా ఉంటాయి. ఎందుకీ తేడా? క్యాంప్ ఒకరిది, కారు ఇంకొకరిది, టికెట్ అమ్మేది మూడో వ్యక్తి. చాలాసార్లు వేర్వేరు ధరలకు కొన్నవాళ్లు ఒకే క్యాంప్‌లో పక్కపక్కనే కూర్చుని భోంచేస్తుంటారు. ఎక్కువ కట్టినవాళ్లకు ముందు వరుసలో టేబుల్, టేబుల్ దగ్గరకే వడ్డన దొరకొచ్చు. తక్కువ కట్టినవాళ్లు బఫే క్యూలో నిలబడాలి.

టికెట్‌లో మిగలని లాభం విడిగా అమ్మే వాటిలో వస్తుంది. క్వాడ్ బైక్, డేగతో ఫొటో, క్యాంప్ ఫొటోగ్రాఫర్ తీసి చేతిలో పెట్టే ప్రింట్లు, కొన్ని చోట్ల హుక్కా, కూల్ డ్రింక్స్, హోటల్ పికప్ కూడా ఎక్స్‌ట్రానే. ఇందులో మోసం ఉందని కాదు. ముందే అడిగితే చెబుతారు. అడగకపోతే అక్కడ చెబుతారు. పిల్లలు క్వాడ్ బైక్ కావాలని ఏడుస్తుంటే బేరం ఆడే ఓపిక ఎవరికీ ఉండదు.

మన జేబుకు సంబంధించి ఇంకో లెక్క. దిర్హమ్ విలువ డాలర్‌తో ముడిపడి ఉంటుంది. ఒక డాలర్‌కు 3.6725 దిర్హమ్‌లు, ఇది స్థిరం. అంటే డాలర్‌తో రూపాయి పడిపోతే దిర్హమ్ కూడా ప్రియమవుతుంది. డాలర్ 85 రూపాయలుంటే దిర్హమ్ 23 రూపాయల 15 పైసలు. డాలర్ 90కి చేరితే 24 రూపాయల 50 పైసలు. నలుగురికి అన్నీ కలిపి 1,000 దిర్హమ్‌లు అయిందనుకుంటే, అక్కడ రేటు ఒక్క దిర్హమ్ పెరగకపోయినా ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లకు దాదాపు 1,350 రూపాయలు అదనం.

క్యాంప్‌లో ఏది అసలు, ఏది షో?

పోస్టర్ మీద 'బెదూయిన్ సంస్కృతి' అని ఉంటుంది. నిజానికి రంగురంగుల గౌను గిరగిరా తిప్పే తనూరా ఈజిప్ట్ నుంచి వచ్చింది. బెల్లీ డ్యాన్స్ కూడా ఎమిరేట్స్ ఎడారి తెగల సంప్రదాయం కాదు. చూడటానికి బాగుంటాయి, అంతే. స్థానికులదైన సంగతులు చాలా మామూలుగా కనిపిస్తాయి. చిన్న కప్పులో పోసే యాలకుల వాసన కాఫీ, డేగల పెంపకం.. ఈ రెండూ యూఏఈ సహా పలు దేశాల పేరు మీద యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. డేగల పెంపకం 2010లో, అరబిక్ కాఫీ 2015లో చేరాయి. చాలామంది ఫొటో తొందరలో కాఫీ కప్పు పక్కన పెట్టేసి వెళ్లిపోతారు.

దిబ్బల మధ్య అక్కడక్కడా ఒక చెట్టు కనిపిస్తుంది. దాన్ని అక్కడ ఘాఫ్ అంటారు. యూఏఈ జాతీయ వృక్షం. తెలుగువాళ్లకు అది కొత్తది కాదు. దసరాకు పూజ చేసే జమ్మి చెట్టే అది. తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా అదే. లోతుగా వేళ్లు దించి నీళ్లు లేని చోట బతికే చెట్టు. కారు చక్రాలు మొక్క దశలోనే తొక్కేస్తే మళ్లీ మొలవడానికి ఏళ్లు పడుతుంది.

అందుకే ఎడారంతా ఇష్టం వచ్చినట్టు తిరిగే జాగా కాదు. దుబాయ్ డెజర్ట్ కన్జర్వేషన్ రిజర్వ్ 225 చదరపు కిలోమీటర్లలో ఉంది. అడవిలో ఒకప్పుడు పూర్తిగా అంతరించిపోయిన అరేబియన్ ఓరిక్స్ జింకలు ఇప్పుడు అక్కడ తిరుగుతున్నాయి. అనుమతి పొందిన కొద్ది సంస్థలకే లోపలికి ప్రవేశం. ధర ఎక్కువ, హడావిడి తక్కువ. పెద్దవాళ్లతో వెళ్లే కుటుంబాలకు ఆ తేడా పనికొస్తుంది.

రీల్స్ తీసేవాళ్లు జాగ్రత్త

పక్కవాళ్ల అనుమతి లేకుండా ఫొటోలు, వీడియోలు తీయడం, సోషల్ మీడియాలో పెట్టడం యూఏఈలో నేరం కిందకు వస్తుంది. డ్యాన్స్ షో తీస్తుంటే వెనకాల వేరే కుటుంబం ఫ్రేమ్‌లోకి వస్తే పోస్ట్ చేసే ముందు ఆలోచించాలి. డ్రోన్ ఎగరేయాలంటే అనుమతి తప్పనిసరి. డ్యూన్ బాషింగ్‌లో ఫోన్ చేత్తో పట్టుకుని తీయడం వల్ల ఫోనూ పోవచ్చు, ఎదుటివారి మొహానికీ తగలొచ్చు.

ఎప్పుడు వెళ్తే మంచిది?

అక్టోబర్ చివరి నుంచి ఏప్రిల్ మొదటి వరకు హాయిగా ఉంటుంది. జూన్, జులై, ఆగస్టుల్లో పగలు 40 డిగ్రీలు దాటుతుంది. సాయంత్రం కూడా వేడి గాలే. మన స్కూళ్ల వేసవి సెలవులు దాదాపు ఆ ఎండల్లోకే పడతాయి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఎడారి చల్లబడుతుంది, స్వెటర్ కావాలి. డిసెంబర్‌లో సూర్యుడు ఐదున్నరకే అస్తమిస్తాడు, జులైలో ఏడు దాటాక. పికప్ టైమ్ దాన్ని బట్టి మారుతుంది. రంజాన్ నెలలో సాధారణంగా బెల్లీ డ్యాన్స్, లైవ్ మ్యూజిక్ ఉండవు. షో కోసమే వెళ్లేవాళ్లు తేదీ చూసుకోవాలి.

డబ్బు కట్టే ముందు అడగాల్సిన ప్రశ్నలు

* సంస్థకు దుబాయ్ టూరిజం శాఖ లైసెన్స్ ఉందా? కారులో రోల్ కేజ్, అన్ని సీట్లకు బెల్టులు ఉన్నాయా?
* కారులో ఎంతమంది? పెద్దవాళ్లకు మధ్య వరుస సీటు ఇస్తారా?
* డ్యూన్ బాషింగ్ ఎన్ని నిమిషాలు? వద్దంటే నేరుగా క్యాంప్‌కు తీసుకెళ్తారా?
* టికెట్‌లో ఏవి ఉన్నాయి, వేటికి విడిగా కట్టాలి? జవాబు మెసేజ్ రూపంలో ఇస్తారా?
* శాకాహారం వేరే గ్రిల్ మీద చేస్తారా? క్యాంప్‌లో టాయిలెట్లు ఎలా ఉంటాయి?
* రద్దు చేసుకుంటే డబ్బు ఎంత వెనక్కి వస్తుంది?

ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు సాహస క్రీడలకు కవర్ ఉందో లేదో పాలసీలో చూసుకోవాలి. కొన్ని పాలసీల్లో వాటికి మినహాయింపు ఉంటుంది. ఎమర్జెన్సీలో అంబులెన్స్‌కు 998, పోలీసులకు 999.

ఇంతా చేస్తే డెజర్ట్ సఫారీ మానుకోవాల్సిన విషయమేమీ కాదు. సూర్యుడు దిగిపోయి, ఇంజిన్లు ఆగిపోయాక ఆ ఇసుక మీద కూర్చునే పది నిమిషాలు చాలామందికి జీవితాంతం గుర్తుంటాయి. అవి అమ్మానాన్నలకు కూడా దక్కాలంటే, టికెట్ రేటు కంటే ముందు అడగాల్సింది వాళ్ల నడుము గురించే.