అదును దాటాక వచ్చే మెకానిక్

ట్రాక్టర్ రిపేరు గురించి ఆడవాళ్ళు రాయడానికేముంది అనుకునేవాళ్ళకి ముందుగా మూడు సంగతులు చెప్తాను. మా చిన్న ట్రాక్టర్‌కి ముందుగా కట్టిన డబ్బు నా నాలుగు గాజులు బ్యాంకులో తాకట్టు పెడితే వచ్చింది. మిగతా అప్పు కాగితాల మీద మా ఆయన సంతకం కింద నా సంతకమూ ఉంది. బండి షెడ్డులో నిలబడిపోయిన రోజుల్లో పత్తిలో వంగి కలుపు తీసింది ఆడవాళ్ళే, అందులో నేనూ ఉన్నాను. సొమ్ము మనది, సంతకం మనది, నడుం నొప్పి మనది. షోరూంలో అడిగే నోరు మాత్రం మనది కాకూడదా?

కొత్త ట్రాక్టర్ అమ్మి, అది చెడిపోతే నెలరోజులు తిప్పించుకోవడాన్ని మనం 'ఆలస్యం' అంటున్నాం. ఆ మాట మరీ మెత్తగా ఉంది. రైతు ట్రాక్టర్ కొనేది అదునులో పని కావడానికి. అదును పోయాక బాగుచేసి ఇచ్చిన బండి ఆ పంటకి లేనట్టే లెక్క. అందుకని రిపేరు ఎన్ని రోజుల్లో అవుతుందనేది డీలరు దయ మీద వదిలేసే విషయం కాదంటాను నేను. మనం డబ్బు పోసి కొన్న సరుకులో అదీ ఒక భాగమే.

మాది పల్నాడు. ఐదెకరాలు, మూడెకరాల్లో పత్తి, రెండెకరాల్లో మిర్చి. ఊళ్ళో ఎడ్లు దాదాపు లేవు, అరక కావాలంటే పక్క ఊరికి కబురు పెట్టి, వాళ్ళ పని అయ్యేదాకా కాచుకోవాలి. పెద్ద ట్రాక్టర్ సాళ్ళ మధ్య పట్టదు. అందుకే నిరుడు వైశాఖంలో చిన్న ట్రాక్టర్ కొన్నాం. షోరూంలో దండ వేశారు, కొబ్బరికాయ కొట్టించారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు, పెద్ద తాళంచెవి బొమ్మ చేతికిచ్చి ఫొటో తీశారు. కాగితాలన్నీ ఒక్కపూటలో అయిపోయాయి. మొదటి సర్వీసు చెప్పిన గంటలకే వాళ్ళ దగ్గరే చేయించాం.

జులై ఆఖర్లో, మీటరు ఇంకా డెబ్బై గంటలు దాటుతుండగానే, వెనక లిఫ్ట్ పనిచేయడం మానేసింది. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. బండి వెనక బిగించిన గొర్రుని పైకెత్తేదీ కిందికి దించేదీ ఆ లిఫ్టే. గొర్రు లేవకపోతే సాలు చివర బండి తిప్పలేం, బలవంతాన తిప్పితే మొక్కలన్నీ గొర్రుకొచ్చేస్తాయి. అంటే ఇంజను చక్కగా తిరుగుతూనే ఉంటుంది గానీ బండి చేలో ఎందుకూ పనికిరాదు.

ఫోన్ చేస్తే "రేపు పంపిస్తాం" అన్నారు. ఆ రేపు ఆరో రోజుకి వచ్చింది. వచ్చిన కుర్రాడు విప్పి చూసి, పంపులో ఒక పార్టు అరిగింది, సీలు కూడా పోయింది, షోరూంకి తేవాల్సిందే అన్నాడు. తీసుకెళ్ళాక వారంటీ కాబట్టి కంపెనీ ఒప్పుకోవాలన్నారు. ఫొటోలు పంపామన్నారు. కంపెనీ ఒప్పుకుంది, పార్టు బయల్దేరిందన్నారు. వచ్చిన పార్టు పెద్ద మోడల్‌ది. అది వెనక్కి పంపి మళ్ళీ తెప్పించారు. మొత్తం 34 రోజులు.

ఆ 34 రోజుల్లో చేను ఏం చేసిందో కూడా చెప్పాలి కదా. నల్లరేగడిలో వాన పడ్డాక దున్నడానికి పదును మూడు నాలుగు రోజులుంటుంది. అంతకుముందైతే బురద, ఆ తర్వాత పెడ్డ. మాకు అలాంటి పదునులు రెండు పోయాయి. పత్తి సాళ్ళ మధ్య గడ్డి మోకాలెత్తు లేచింది. మామూలుగా మొక్కల మొదళ్ళ దగ్గర తీయించే కలుపు కూలి కాకుండా, సాళ్ళ మధ్య రెండుసార్లు తీయించినందుకు అదనంగా 16,800 రూపాయలయింది. మిర్చి వేసే రెండెకరాలకి బయటి ట్రాక్టర్ పెట్టి దున్నించినందుకు 7,200. అదైనా వాళ్ళ పొలాలయ్యాకే మా వంతు. ఈలోపు నర్సరీలో చెప్పి పెట్టుకున్న నారు ముదిరింది. మా బండికయ్యే డీజిల్ తీసేసి లెక్కేసినా ఇరవై వేలకి తక్కువ లేదు. గాజుల మీద వడ్డీ, బండి కిస్తీ లెక్కలో కలపలేదు. బండి నిలబడిందని బ్యాంకు వడ్డీ ఆపదు కదా.

బండి తెచ్చుకోవడానికి నేనూ వెళ్ళాను. డీలరు నవ్వుతూ, "ఒక్క రూపాయి తీసుకోకుండా చేశామమ్మా, చూడండి" అని బిల్లు చూపించాడు. నిజమే, దాని మీద సున్నా ఉంది. వాళ్ళ బిల్లులో సున్నా, మా ఇంటి పుస్తకంలో ఇరవై వేలు. ఈ రెండో బిల్లుని ఎవరూ కంప్యూటర్లో కొట్టరు. కలుపు కూలిగా, ముదిరిన నారుగా, పండక్కి వాయిదా పడ్డ బట్టలుగా అది మన ఇళ్ళలోనే సర్దుకుపోతుంది. అందుకే వాళ్ళకి కనపడదు.

ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మన పెద్దలు ఊరికే అనలేదు. అయినా షోరూం వాళ్ళు చెప్పే కారణాలనీ విందాం.

సీజన్లో బళ్ళన్నీ ఒకేసారి వస్తాయంటారు. సీజన్ ఏటా వచ్చేదే. తొలకరి ఎప్పుడో పంచాంగం చూడకుండానే అందరికీ తెలుసు. ఏ ఊళ్ళో ఎన్ని బళ్ళు అమ్మారో వాళ్ళ పుస్తకంలోనే ఉంటుంది. వంద బళ్ళు అమ్మినవాడికి ఇద్దరు మెకానిక్కులు చాలరన్న లెక్క అమ్మే ముందు తెలియదా?

పార్టులు అన్నీ నిలవ పెట్టుకోలేమంటారు. అన్నీ ఎవరూ అడగలేదు. లక్షల ఖరీదు చేసే బళ్ళు పది వరసగా నిలబెట్టుకోగలిగినవాళ్ళు, తరచుగా పోయే సీళ్ళు, ఫిల్టర్లు, క్లచ్ ప్లేట్లు, లిఫ్ట్ సామాను ఒక బీరువాలో పెట్టుకోలేరా?

కంపెనీ ఒప్పుకోవాలంటారు. ఈ మాటలో కొంత నిజముంది. డీలరు చేతిలో లేని పని డీలరు చేయలేడు. కానీ కంపెనీ ఒప్పుకునేదాకా ఆగాల్సింది రైతు ఎందుకు? పార్టు వేసి బండి పంపించి, ఆ తర్వాత డబ్బు కంపెనీ పెట్టుకుంటుందో డీలరు పెట్టుకుంటాడో వాళ్ళిద్దరూ తేల్చుకోవచ్చు. వాళ్ళ మధ్య తగువుకి మా పొలం తాకట్టా?

ఒక్కటి మాత్రం మరిచిపోకూడదు. మన గుమ్మంలోకొచ్చే మెకానిక్ కుర్రాణ్ణి తిట్టి ప్రయోజనం లేదు. మండుటెండలో బైకు మీద ఊళ్ళు తిరుగుతూ, పార్టు లేకుండా ఉత్త చేతులతో రావాల్సొచ్చినందుకు సిగ్గుపడేది పాపం అతనే. మంచినీళ్ళిచ్చి, మాట్లాడాల్సింది అతన్ని పంపినవాళ్ళతో మాట్లాడాలి.

మా అమ్మమ్మ కాలంలో నాగలి విరిగితే వడ్రంగి, కర్రు అరిగితే కమ్మరి. పొద్దున ఇస్తే సాయంత్రానికి చేతికొచ్చేది. పంట రాగానే వాళ్ళకి కళ్ళంలోనే మేర కొలిచేవాళ్ళు. ఆ కాలం మళ్ళీ రావాలని నేననను. కులం పేరు చెప్పి తరతరాలు ఒకే పనికి కట్టేసిన పద్ధతి అది, వాళ్ళకి దక్కిన మేర ఎంతో, మర్యాద ఎంతో మనకి తెలియనిది కాదు. కానీ ఒక్క సంగతి గమనించండి. ఏడాది పొడుగునా పనిముట్టు నడిచేలా చూడటమే ఆ ఒప్పందం. వస్తువు అమ్మేసి చేతులు దులుపుకోవడం అందులో లేదు. ఇప్పుడు వడ్రంగి కొట్టూ పోయింది, కమ్మరి కొలిమీ ఆరిపోయింది, ఎడ్లూ పోయాయి. ఊళ్ళో ఎవరూ ముట్టుకోకూడని బండి మాత్రం వచ్చింది. బయట విప్పిస్తే వారంటీ పోతుందన్నది వాళ్ళే, లోపల విప్పనిదీ వాళ్ళే.

మరి ఇన్నేళ్ళుగా ఇది ఎలా సాగుతోంది? నాకు తోచిన కారణం మన మొహమాటం. డీలరు మన పక్క ఊరివాడే అయ్యుంటాడు. మావారిని "బావా" అంటాడు. బావా అని పిలిచినవాడి దగ్గర రాసివ్వమని అడగడం నామోషీ అనుకుంటారు మగవాళ్ళు. "రేపు" అన్నవాడి మాట రేపు కూడా వింటారు. ఆ వరసలన్నీ కొన్న రోజు ధర తగ్గించడానికి పనికిరావు, నిలబడ్డ రోజు మన నోరు నొక్కడానికి మాత్రం పనికొస్తాయి. ఈ వరసలో మనం అక్కలమో చెల్లెళ్ళమో. సంతలో కూరగాయలు బేరం చేసినట్టు, చీటీ డబ్బు అణాపైసలతో అడిగినట్టు, ఇక్కడా మనమే అడగాలి. సిగ్గు లేదు.

చట్టం మన వైపే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బిచ్చి తీసుకున్న సేవ సరిగ్గా అందకపోతే అది సేవాలోపం. వ్యవసాయం వ్యాపారం కదా, రైతు వినియోగదారుడు ఎలా అవుతాడని ఎవరైనా అంటే నమ్మకండి. స్వయంగా కష్టపడి బతుకుతెరువు కోసం వాడుకునే వస్తువుని వ్యాపారం కింద లెక్క వేయకూడదని ఆ చట్టంలోనే ఉంది. నాసిరకం విత్తనాలతో నష్టపోయిన మన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులో 2012లో సుప్రీంకోర్టు కూడా రైతులు వినియోగదారులేనని చెప్పింది. 1915 నంబరుకి ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పొచ్చు. అక్కడ తేలకపోతే మనం ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కే వెళ్ళొచ్చు, కంపెనీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. వస్తువుకి మనం ఇచ్చిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. రెండేళ్ళలోపు వెయ్యాలి. వకీలు లేకుండా మన మాట మనమే చెప్పుకోవచ్చు.

కానీ అక్కడికి వెళ్ళిన రోజు కాగితం కావాలి. "వాళ్ళు రేపన్నారండీ" అంటే ఎవరూ వినరు. అందుకే బండి దింపిన రోజే జాబ్ కార్డు రాయించుకోవాలి. తేదీ, మీటరు గంటలు, ఏం చెడిందో, ఎప్పటికి ఇస్తారో అందులో ఉండాలి. స్టాంపు వేసిన కాపీ మన చేతిలో ఉండాలి. ఫోన్లో చెప్పిన ప్రతి మాటా ఆ సాయంత్రమే మెసేజ్ రూపంలో వాళ్ళకి పంపాలి, "మీరు ఫలానా రోజు ఇస్తామన్నారు" అని. బయటి ట్రాక్టర్‌కి, అదనపు కూలికి ఇచ్చిన డబ్బుకి రసీదు రాయించుకోవాలి. ఇంటి లెక్కలు రాసుకునే చేతికి ఇదేం బరువు?

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. బండి వాళ్ళ షెడ్డులో ఎన్ని రోజులుంటే వారంటీ అన్ని రోజులు పెరగాలి. వారం దాటితే పని నడవడానికి వేరే బండి ఇవ్వాలి, లేదా దాని కిరాయి భరించాలి. ఇవి గొంతెమ్మ కోరికలేం కాదు. కిస్తీ ఒక్కరోజు ఆలస్యమైతే మనకి జరిమానా వేసే లోకం ఇది. మన ఆలస్యానికి ఖరీదు ఉన్నప్పుడు వాళ్ళ ఆలస్యానికీ ఉండాలి.

ప్రభుత్వాన్నీ ఒక మాట అడగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి, విడిభాగాల మీద 18 నుంచి 5కి తగ్గించారు. మేం అప్పటికే కొనేశాం, అయినా సంతోషమే. ఇక షోరూముల్లో రద్దీ పెరుగుతుంది, మరిన్ని ఇళ్ళలో గాజులు బ్యాంకుకి వెళ్తాయి. పార్టు ధర తగ్గిందన్నారు సరే, పార్టు మా మండలానికి ఎన్ని రోజుల్లో రావాలో ఎవరు చెప్తారు? 2022లో కేంద్రం రిపేరు హక్కు మీద కమిటీ వేసినప్పుడు అందులో వ్యవసాయ యంత్రాలనీ చేర్చింది, ఆ ఏడాది చివర్లో ఒక పోర్టల్ కూడా పెట్టింది. పోర్టల్ మంచిదే, కానీ గొర్రుని ఎత్తేది లిఫ్ట్ గదా. సర్వీసుకి గడువు, గడువు దాటితే పరిహారం అని రూలు రాస్తే తప్ప ఈ 'రేపు' మారదు.

మీ ఇంట్లో బండి కొనే మాట వస్తే మీరూ షోరూంకి వెళ్ళండి. రంగు, ధర, ఎన్ని గుర్రాల శక్తి, అవన్నీ మగవాళ్ళని అడగనివ్వండి. మీరు మాత్రం మూడు ప్రశ్నలు అడగండి. మీ దగ్గర మెకానిక్కులు ఎంతమంది? లిఫ్ట్ సామాను ఇప్పుడు ఇక్కడ ఉందా, చూపిస్తారా? చెడిపోతే ఎన్ని రోజుల్లో ఇస్తారో ఈ కాగితం మీద రాసిస్తారా? మూడో ప్రశ్నకి వాళ్ళు నవ్వితే మీరూ నవ్వి, చేతి సంచీ తీసుకుని పక్క షోరూంకి నడవండి. మీ గాజులు ఇంకా మీ చేతికే ఉంటాయి.